పేరున్న బూట్లు

గోదావరిఖనిలో దసరాకు ముందు కొద్ది రోజులు బజారు ముఖమే మారిపోతుంది. సింగరేణి సంస్థ లాభాలలో కార్మికుల వాటా చేతికి వచ్చే వేళ అది. 2024లో ఆ వాటా 796 కోట్ల రూపాయలు; సగటున ఒక్కొక్క కార్మికునికి లక్షా 90 వేలు. సంస్థలో పనిచేసే సుమారు 25 వేలమంది కాంట్రాక్టు కార్మికులకు ఆ యేడే మొదటిసారిగా మనిషికి 5 వేల వంతున ప్రకటించారు. ఈ రెండు అంకెలనూ పెద్దలు పత్రికలో చదువుతారు. పిల్లలు తరగతి గదిలో, ప్రక్కవాని కాళ్లమీద చదువుకుంటారు.

బడిదుస్తులు అందరికీ ఒకటే. చొక్కాలో తేడా లేదు గనుక పోటీ బూట్లలోకి, పుస్తకాల సంచిలోకి, చేతిలోని ఫోనులోకి దిగింది. గట్టిదనమే కావలసినదైతే తల్లిదండ్రులకు చిక్కు లేదు. పిల్లవానికి కావలసినది బూటు ప్రక్కనున్న గీత. నైకీ అనే అమెరికను సంస్థ గుర్తును 1971లో ఒక విద్యార్థిని 35 డాలర్లకు గీసి ఇచ్చింది. ఆ గీత కొఱకు నేడు రామగుండంలో ఒక తండ్రి ఎన్ని మస్టర్లు పనిచేయవలెనో లెక్కవేసి చూడవచ్చు.

అయితే ఈ లెక్క పిల్లవానికి చెప్పి ప్రయోజనం లేదు. వాడు కోరేది తోలు కాదు, నలుగురిలో చోటు. 'ఆ వయస్సులో మాకు చెప్పులే లేవు' అనే మాట మన ఇండ్లలో తరచు వినబడుతుంది. నిజమే కావచ్చు. కాని అందరితోపాటు లేకపోవడం ఒకటి, తనకొక్కనికే లేకపోవడం మరొకటి.

కొందరు అదే గీత వేసిన నకలు బూట్లు తక్కువ ధరకు కొనిపెడతారు. నా అభిప్రాయంలో అన్నిటికంటె చెడ్డ ఉపాయం ఇదే. పేరులేని బూట్లు తొడిగినవాడు ఒకనాడు నవ్వులపాలు కావచ్చు. నకలు తొడిగినవాడు ఎవరు వంగి చూస్తారోనని ప్రతిదినం కాళ్లు బల్లక్రింద దాచుకుంటాడు. వాయిదాల మీద కొనడం ఇంకొక దారి. ఎదిగే పిల్లవాని పాదం వాయిదాలు తీరేవరకు ఆగదు.

'అవి మంచివి కావు' అని కల్లలాడడం కంటె 'మనకు అంత లేదు' అని చెప్పడం మేలు. బొగ్గుబాయి కాలనీల పిల్లలకు షిఫ్టులు, మస్టర్లు, కటింగులు తెలియనివి కావు. జీతం వచ్చిన రోజున, పదేండ్లు దాటిన పిల్లవానిని దగ్గర కూర్చోబెట్టి, బియ్యం, అద్దె, ఫీజు, అప్పు వాని చేతనే కాగితంమీద వేయించి, 'నీ బూట్లకు ఇంత' అని ఒక మొత్తం వానికే అప్పగించవచ్చు. దానితో సాదా జత కొని మిగుల్చుకుంటాడో, పండుగ డబ్బులు కలుపుకొని మరో యేడు ఆగి పేరున్నవి కొంటాడో, వాని యిష్టం. కొన్న తరువాత దెప్పరాదు. ఆడపిల్లకైనా ఇదే వరుస.

పర్మనెంటు ఉద్యోగుల ఇండ్లకు కూడ ఒక మాట. కొనగలవారు కొనుక్కోవచ్చు, దానిని నేను తప్పుపట్టను. ధర మాత్రం పిల్లవానికి నేర్పి బడికి పంపకండి. తండ్రి గనిలోకి తొడిగి వెళ్లేది సంస్థ ఇచ్చిన బూట్లే. వాటి ధర ఆయనకే తెలియదు.

సెలవుల తరువాత బడి తెరిచిన మొదటి రోజున 'పండుగకు ఎవరేమి కొన్నారు' అని ఉపాధ్యాయులు అడగడం కద్దు. బతుకమ్మకు తంగేడు, గునుగు ఎక్కడనుండి తెచ్చారని అడిగితే చాలు.