జల్ జంగల్ జమీన్‌లో మొదటి మాట నీళ్లే

 

శామీర్‌పేటలో మన పిల్లలు కొంతమంది కూడినప్పుడు నేను మాట్లాడిన మాటలు ఇవి. రాలేకపోయిన దోస్తులు రాసి పెట్టుమని అడిగిన్రు. మాట్లాడినట్టే రాస్తున్న. చదివి ఊరుకోకుండా మీ గూడెం దాకా తీసుకపోతరని నమ్ముతున్న.

ముందు శామీర్‌పేటలో ఎందుకు కూడినమో చెప్త. మన ఊర్లకు పోయే రెండు రోడ్లూ ఇటు నుంచే పోతయి. మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబర్ హైవే ఆదిలాబాద్ పోతది. శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి కరీంనగర్, రామగుండం దిక్కు పోతది. మనోళ్లు కొందరు ఇక్కడ చదువుతున్నరు, కొందరు కంపెనీల్లో ప్యాకింగ్ పని చేస్తున్నరు, కొందరు బిల్డింగ్ పనుల్లో ఉన్నరు. పండుగకో చావుకో బస్సెక్కి ఊరికి పోతం, మళ్ల వస్తం. మన బ్యాగులో ఏం తీసుకపోతున్నం అన్నదే ఈరోజు నా ముచ్చట.

ఇక్కడికి దగ్గర్లో తుర్కపల్లి ఉంది, జీనోమ్ వ్యాలీ ఉంది. మీలో కొందరు ఆ గేట్ల ముందు నుంచే రోజూ డ్యూటీకి పోతరు. చిన్న పిల్లలకు ప్రాణాంతకమైన నీళ్ల విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌కు టీకా, రోటావాక్, తయారు చేసిన భారత్ బయోటెక్ అక్కడిదే. సూది కాదు, నోట్లో వేసే చుక్కలు. దానికి మూలమైన వైరస్ రకాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసిపిల్లల్లో డాక్టర్ మహారాజ్ కిషన్ భాన్ బృందం గుర్తించింది. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో పాటు నాలుగు రాష్ట్రాల్లో సర్కారు టీకాల్లో చేరింది, తర్వాత దేశమంతా వచ్చింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని ఆమోదించింది. అంటే మనం అద్దెకుంటున్న చోటుకు కూతవేటు దూరంలో పుట్టిన మందు వేరే దేశాల పిల్లల్ని కూడా కాపాడుతున్నది.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్త. ఇది ఎప్పుడూ సభల్లో చెప్పలేదు.

అప్పుడు నాకు పదేళ్లు. మా చెల్లెకు రెండేళ్లు నిండలేదు. వానకాలం మొదట్లనే బోరింగు చెడిపోయింది. అమ్మ వాగు చెలిమెల నుంచి నీళ్లు తెచ్చేది. కొత్త నీళ్లు వచ్చినయంటే పైనున్నదంతా కొట్టుకొచ్చినట్టే గదా. చెల్లెకు పొద్దున విరేచనాలు మొదలైనయి, మధ్యాహ్నానికి వాంతులు. అమ్మ కూలికి పోయింది, ఇంట్లో నేను, అవ్వ. చెల్లె నీళ్లు నీళ్లు అని ఏడుస్తున్నది. అవ్వ నాతో అన్నది, "నీళ్లు తాపకు బిడ్డా, తాపితే ఇంకా పోతయి" అని. అవ్వకు చెల్లె అంటే ప్రాణం. ఆమెకు తెలిసింది ఆమె చెప్పింది. నేను చెంబు పక్కకు పెట్టిన. సాయంత్రానికి చెల్లె ఏడ్చుడు బంద్ చేసింది. తగ్గిందనుకున్నం. కండ్లు లోపలికి పోయినయి, ఏడిస్తే కన్నీళ్లు రాలేదు. రాత్రి వాగు పొంగింది, మంచం మీద మోసుకపోదామన్నా దాటే దారి లేదు. తెల్లారేసరికి చెల్లె లేదు.

గూడెంలో అందరూ దేవుడు తీసుకపోయిండన్నరు. నేను కూడా చాన ఏండ్లు అట్లనే అనుకున్న. డిగ్రీలో జువాలజీ క్లాసులో సార్ బోర్డు మీద ఓఆర్ఎస్ గురించి రాసిన రోజు నేను బయటికి వచ్చి కూర్చున్న. చెల్లెను చంపింది విరేచనాలు కాదు, ఒంట్లో నీళ్లు, ఉప్పు అయిపోవుడు. నేను పక్కకు పెట్టిన చెంబే ఆమెకు మందు.

అప్పటికి రోటా చుక్కలు మనకు రాలేదు. కానీ ఓఆర్ఎస్ వచ్చి అప్పటికే దాదాపు నలభై ఏండ్లు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శిబిరంలో కలరాతోటి రాలిపోతున్నరు. ఎక్కించడానికి సెలైన్ బాటిళ్లు అయిపోయినయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా నీళ్లలో కలిపి డ్రమ్ముల్లో పెట్టిండు. తల్లులు, అన్నలు, అక్కలే గ్లాసులతోటి తాపిన్రు. 100 మందిలో 30 మంది దాకా చనిపోయే చోట చావులు నాలుగు లోపలికి తగ్గినయి. ఆయన పోయినాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చిన్రు. అక్కడ తాపింది డాక్టర్లు కాదు, పదేళ్ల పిల్లగాడు కూడా తాపగలడు. అందుకే ఈ ముచ్చట చెప్తున్న.

"ఏజెన్సీ అంటేనే అతిసారం" అని పేపర్లల్ల రాస్తరు, ఇది అడవి రోగం అన్నట్టు. కాదు. 2009 మే నెలలో హైదరాబాద్ నడిమిట్ల భోలక్‌పూర్‌లో నల్లా నీళ్లు చెడిపోయి మనుషులు చనిపోయిన్రు. 2024 అక్టోబర్‌లో విజయనగరం జిల్లా గుర్లలో వందల మంది మంచాన పడ్డరు, ఎంతమంది చనిపోయిన్రన్న లెక్కలోనే తేడాలు వచ్చినయి. మలం నీళ్లలో కలిసిన చోటల్లా ఇదే జరుగుతది. తేడా ఒక్కటే. పట్నంలో అయితే తెల్లారి ట్యాంకర్ వస్తది, టీవీ వస్తది. మన దగ్గర వాగు దిగిపోయినాక రిపోర్టు వస్తది.

టీకా వచ్చింది గదా, ఇంకేం భయం అనుకోవద్దు. ఆ చుక్కలు రోటా వైరస్‌ను ఆపుతయి. కలరాను, రక్త విరేచనాలను, మిగతా క్రిములను ఆపవు. వాటిని ఆపేది మంచినీళ్లు, మరుగుదొడ్డి, సబ్బు. ఇక్కడ్నే మనం ఎనకబడ్డం. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిండు. ఆయన పేరు మీద మనం జల్ జంగల్ జమీన్ అంటం. జమీన్ కోసం పట్టా అడిగినం, ధర్నాలు చేసినం. జంగల్ కోసం కేసులు మోసినం. మరి జల్? బోరింగు చుట్టూ బురద పేరుకున్నదని ఎప్పుడన్నా మనం సంఘం మీటింగ్ పెట్టినమా? నేను పెట్టలేదు. ఒప్పుకుంటున్న.

2016 ఆగస్టులో ఇదే రాజీవ్ రహదారి మీద పోతే వచ్చే గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ మొదలుపెట్టిన్రు. ఇంటింటికి నల్లా అన్నరు. మా గూడెంలో నల్లా ఉంది. వాగు దాటే కాడ పైపు పగిలితే నెలలు నీళ్లు ఉండయి. పైపు పగిలిన కాడ నుంచి బురద లోపలికి గుంజుకుంటది, మళ్ల నీళ్లు వదిలిన రోజు ఆ బురదే నల్లాలో వస్తది. మరుగుదొడ్లు కట్టిన్రు, నీళ్లు లేక కట్టెలు పెట్టుకున్నరు. ఆఫీసుకు పోయి అడిగితే, అడవి భూమిల కొత్త లైను వేయాలంటే పర్మిషన్ కావాలన్నరు.

ఇక్కడ చట్టం మాట చెప్పాలె. శామీర్‌పేటలోనే నల్సార్ లా యూనివర్సిటీ ఉంది. మందు చదువూ ఇక్కడే, చట్టం చదువూ ఇక్కడే. మనం గేటు బయట నుంచి చూసుకుంట పోతున్నం. అటవీ హక్కుల చట్టం 2006ను మనం పట్టాల చట్టం అనే అనుకుంటం. అందులో సెక్షన్ 3(2) చదవండి. బడి, దవాఖాన, అంగన్‌వాడీ, రోడ్డు లాంటి 13 సౌకర్యాలకు అడవి భూమి ఇయ్యొచ్చని రాసి ఉంది. తాగునీళ్లు, పైపులైన్లు ఆ 13లో ఉన్నయి. ఒక్కోదానికి హెక్టారు లోపల భూమి ఉండాలె, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టొద్దు, గ్రామసభ సిఫారసు చేయాలె. అంటే మొదటి సంతకం మనదే. అడవి అడ్డమని ఎవరన్నా అంటే గ్రామసభ తీర్మానం ముందు పెట్టండి.

ఇగ పనులు. ఈసారి ఊరికి పోయినప్పుడు ఇవి చేద్దాం.

ఒకటి. ఆశా అక్క దగ్గర, సబ్ సెంటర్‌లో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింక్ గోలీలు ఉచితం. వానలు పడకముందే తెచ్చి ప్రతి వాడలో ఒక ఇంట్లో పెట్టించండి. వాగు పొంగినాక తెచ్చుడు కాదు. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలె, ఒక్క రోజులో వాడాలె, మిగిలితే పారబోయాలె. విరేచనం అయిన ప్రతిసారీ తాపాలె. కక్కితే పది నిమిషాలు ఆగి, చెంచాతో మెల్లగ మళ్ల తాపాలె. ప్యాకెట్ లేకుంటే లీటరు నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింక్ రోజుకు 20 మిల్లీగ్రాములు, విరేచనాలు తగ్గినా 14 రోజులు వేయాలె. తల్లి పాలు ఆపొద్దు. గంజి, పల్చటి జొన్న అంబలి పెట్టొచ్చు.

రెండు. డబ్బాల్లో వచ్చే తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కాదు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి కొట్లాడితే 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత సంస్థ అట్లాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ పేరు రాయొద్దని ఆర్డర్ ఇచ్చింది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందా, చూసి తీసుకోండి.

మూడు. పసిపిల్లల టీకా కార్డులు చూడండి. రోటా చుక్కలు ఆరు, పది, పద్నాలుగు వారాలకు పడాలె.

నాలుగు. నీళ్లు పరీక్ష చేయండి. హెచ్2ఎస్ సీసా అని చిన్నది ఉంటది. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసి ఉంటే నల్లగైతది. ఆ నల్ల సీసా ఫొటో, తేదీ, బోరింగు పేరు రాసి గ్రామసభలో పెట్టండి. మన అమ్మలకు లెక్కలు చెప్తే అర్థం కాకపోవచ్చు, నల్లగైన సీసా చూపిస్తే ఒక్క మాట చెప్పే పని లేదు. ట్యాంకులో బ్లీచింగ్ ఎప్పుడు వేసిన్రో అడగండి. నమ్మకం లేని నీళ్లను మరగబెట్టి తాగమనండి.

ఐదు. అవ్వలతోటి కూర్చోండి. ఇదే అన్నిటికన్నా కష్టం. వాళ్లను తప్పు పట్టొద్దు. "పోయిన నీళ్లు మళ్ల పోయకుంటే చెట్టు ఎండుతది గదా అవ్వా" అని మన మాటల్లో, గోండీలో, కోలామీలో చెప్పండి. రక్తం పడుతున్నా, పిల్ల మత్తుగా ఉన్నా, ఏం తాగలేకపోయినా, ఉచ్చ పోకపోయినా ఆగొద్దు. దవాఖానకు పోవాలె, దారి పొడుగునా తాపుకుంటనే పోవాలె.

ప్రపంచంలో ఏటా ఐదేళ్లలోపు పిల్లలు 4 లక్షల 40 వేల మంది దాకా ఈ విరేచనాలతోనే పోతున్నరు. అంత పెద్ద లెక్క నాకు తలకెక్కదు. నాకు ఒక్క చెల్లె తెలుసు.

మా అవ్వ ఇంకా ఉంది. రెండేండ్ల కింద మా అన్న కొడుక్కు విరేచనాలైతే, నేను ఫోన్ చేసేసరికే అవ్వ ప్యాకెట్ కలిపి చెంచాతోటి తాపుతున్నదట. "నువ్వు చెప్పినట్టే చేసిన బిడ్డా" అన్నది. చెల్లె పేరు ఆమె తీయలేదు, నేనూ తీయలేదు.

ఈ శనివారమో, వచ్చే పండుగకో మీరు శామీర్‌పేట నుంచి బస్సెక్కుతరు. బ్యాగులో ఇంటికి మిఠాయి తీసుకపోండి, వద్దన్న. పక్కన పది ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా పెట్టుకోండి.

జోహార్ కొమురం భీం. జల్ జంగల్ జమీన్ మనదే.