ఊపిరితిత్తుల మచ్చలు, కూలర్ గడ్డి

ఎండలు ముదిరితే హైదరాబాద్‌లోని జీడిమెట్ల పారిశ్రామికవాడలో రేకుల గదులు మాడిపోతాయి. కంపెనీలో షిఫ్టు దిగి వచ్చినవాళ్లకు కూలరే దిక్కు. ఆ కూలర్ గురించీ, దాని గాలి పీల్చే ఊపిరితిత్తుల్లో పడే మచ్చల గురించీ ఈ నాలుగు మాటలు.

చర్మం మీద గాయం మానినచోట మచ్చ మిగిలినట్టే లోపలి అవయవాల్లోనూ మిగులుతుంది. గాయం మాన్పడానికి కణాలు కొల్లాజెన్ అనే పీచు పదార్థాన్ని పేరుస్తాయి. గాయం మళ్లీ మళ్లీ అవుతుంటే ఆ పేర్చడం ఆగదు. కాలేయమైనా, కిడ్నీ అయినా అంతే. ఊపిరితిత్తుల్లో అయితే పల్చటి గాలి గదుల గోడలు మందమెక్కి బిగుసుకుపోతాయి. ఆక్సిజన్ రక్తంలోకి సరిగ్గా దిగదు. నెలల తరబడి పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం.

మన దేశంలో 19 నగరాల్లో ఇలాంటి జబ్బులున్న 1,084 మందిని పరిశీలించి, 2017లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు సగం మందికి బూజు, పక్షి రెట్టల ధూళి లాంటివి పీల్చి, అవి ఒంటికి పడక వచ్చిన జబ్బే. వాళ్లలో మళ్లీ సగం మంది దాకా కూలర్ గాలి పీల్చినవాళ్లు! కూలరే కారణమని దీంతో రుజువైపోలేదు. కానీ నల్లబడిన గడ్డి, అడుగున జిగురు పట్టిన నీళ్లు బూజుకు మంచి నెలవు. ఏటా గడ్డి మార్చండి, నీళ్లు పారబోసి తొట్టి ఆరబెట్టండి.

ఊపిరితిత్తుల మచ్చల జబ్బుకు వాడే పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ మందులకు అమెరికా 2014 అక్టోబరులో ఒకే రోజు అనుమతి ఇచ్చింది. అవి మచ్చ పెరగడాన్ని నెమ్మదింపజేస్తాయే తప్ప, కట్టిన మచ్చను కరిగించలేవు. అందుకే తొందరగా కనిపెట్టడం ముఖ్యం. తొలిదశ మచ్చ ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, సీటీ స్కాన్ అవసరమేమో డాక్టరును అడగండి. ఇంట్లో కూలర్ ఉందని, కిటికీ దగ్గర పావురాలు వాలతాయని ఆయన అడక్కపోయినా చెప్పండి.