బట్టలుతికే గదిలో నెమ్ము
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల సంగతి ముందు వక్తలు చెప్పారు కనుక నేను ఇంటి సంగతి చెబుతాను. కాకినాడలో మా వంటింటి వెనక వాషింగ్ మెషిన్ పెట్టుకున్న చిన్న గది ఉంది. ముసురు పట్టిందంటే అందులోనే తాళ్లు కట్టి బట్టలు ఆరేసేవాళ్లం. గోడకు నల్లగా బూజు పట్టింది. వరుసగా రెండేళ్లు గీకించి రంగు వేయించాను. డబ్బు పోయింది, బూజు మళ్లీ వచ్చింది. మా శ్రీమతికి ఉబ్బసం. ఆ గదిలోకి వెళితే దగ్గు ఆగేది కాదు. రాత్రులు లేచి కూర్చునేది. చివరికి డాక్టరుగారే "ఇంట్లో ఎక్కడైనా బూజు ఉందా?" అని అడిగారు. రెండేళ్లుగా ఫైలు నా బల్ల మీదే ఉంది, నేనే విప్పి చూడలేదు!

గుమాస్తా బుద్ధి కదా, లెక్క తీశాను. పొడి బట్టలు 4 కిలోలు. స్పిన్ తిప్పి తీశాక తూస్తే 6 కిలోలు దాటాయి. అంటే 2 లీటర్ల పైచిలుకు నీరు. తలుపులు మూసిన గదిలో అది ఎక్కడికి పోతుంది? చల్లటి గోడకే పడుతుంది.

అయితే నీరు గోడలోంచి కూడా రావచ్చు. అది తేల్చుకోవడానికి జానెడు పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులుంచండి. గోడ వైపు తడిస్తే పైపు కారుతోందో, బయటి నుంచి ఊరుతోందో, మేస్త్రీని పిలవాలి. గది వైపు తడిస్తే తప్పు మనది. మా ఇంట్లో గది వైపే తడిసింది.

ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించాం. ఎదురుగా తలుపు కింద సందు వదలండి, గాలి వచ్చే దారి లేకపోతే ఫ్యాను తిరిగీ లాభం లేదు. ముసురులో బయటి గాలీ చెమ్మే కనుక బట్టలు రెండోసారి స్పిన్ తిప్పి, గోడకు ఎడంగా ఆరేసి, మరో ఫ్యాను పెడుతున్నాం. ఉతికాక మెషిన్ మూత తీసి ఉంచుతాం.

ఉన్న బూజును పొడిగా గీకకండి, గాలిలో లేస్తుంది. మా శ్రీమతిని అమ్మాయి ఇంటికి పంపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని సబ్బునీళ్లతో తడిపి నేనే తోమాను. ఒక్క హెచ్చరిక: బ్లీచింగ్ పౌడరులో యాసిడ్ కలపవద్దు, విషవాయువు పుడుతుంది.

ఈ వర్షాకాలం గోడకు రంగు వేయించలేదు. మా శ్రీమతి మందులు మానలేదు గానీ, రాత్రులు లేచి కూర్చోవడం తగ్గింది. ఫ్యాను రొద మీద మాత్రం ఆమెకు ఫిర్యాదు ఉంది. సెలవు.