మూతి వంకరపోయినప్పుడు

దేహంలో తక్కిన కండరాలు చాలావరకు ఎముక నుండి ఎముకకు సాగుతాయి. మూతి చుట్టూ ఉన్నవి చర్మాన్నే పట్టుకొని లాగుతాయి. పెదవులను చుట్టిన కండరాన్ని వలయమంటారు గాని, నిజానికి అది బుగ్గలనుండి, గడ్డంనుండి వచ్చిన పోగుల అల్లిక. అది బిగియనిదే ప, బ, మ లు పలుకవు. బుగ్గలోని కండరం అన్నపు ముద్దను పళ్ళ మధ్యకు తోస్తుంది. నాదస్వర విద్వాంసుని ఊపిరిని అదుపులో పెట్టేదీ అదే.

వీటికి ఆజ్ఞలు తెచ్చేది ఏడవ కపాలనాడి. 1821లో చార్లెస్ బెల్ దీనిని గురించి రాయల్ సొసైటీకి విన్నవించాడు. ఒకవైపు నాడి చచ్చుబడితే మూతి ఆరోగ్యంగా ఉన్న వైపునకే లాగుకొనిపోతుంది. ఇంటివారు ఆ వైపే రోగమున్నదని భ్రమపడతారు! నమలే కండరాలది ఐదవ నాడి కనుక నమలడం సాగుతుంది గాని, మెతుకులు చచ్చుబడిన బుగ్గలో నిలిచిపోతాయి.

ఆ వైపు నుదురు కూడా ముడుతపడకపోతే దోషం సాధారణంగా నాడిలోనే ఉంటుంది. నుదురు ముడుచుకొంటూ మూతి మాత్రమే జారితే మెదడును శంకించాలి. ఈ తారతమ్యం వైద్యుడు తేల్చవలసినది. మెదడులో నెత్తురుగడ్డను కరిగించే మందు సాధారణంగా 4½ గంటలలోగా పడాలి. కనుక మూతి జారిన వేళను గుర్తుంచుకొని, పసరువైద్యుని కోసం కబురంపక, రోగిని వెంటనే పెద్దాసుపత్రికి చేర్చండి.