మన ఇంటి శుభ్రత ఎవరి చేతుల మీద?

(యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

నాకిచ్చిన అంశం "ఇంటి బాగుకు చిన్న చిన్న చిట్కాలు". అది విని కొందరు నవ్వుకున్నారట. "సింకు అడ్డుపడితే ప్లంబరును పిలుస్తాం గానీ పాస్టరుగారిని పిలుస్తామా?" అని. సరైన మాటే. కానీ ఇంటి సంగతి బైబిల్లో లేదనుకోకండి. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం 8వ వచనం ఇంటికి వెళ్ళాక తీసి చదవండి. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని అక్కడ ఉంది. అది లేక ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఆ ఇంటి మీదకే వస్తుందని దాని భావం. అంటే ఇల్లు మనదే అయినా, మన ఇంటివల్ల ఎవరికి ప్రమాదం వచ్చినా లెక్క అడిగేది మననే.

ఆ పిట్టగోడను మనసులో పెట్టుకుని చిట్కాలు వినండి. ప్రతి చిట్కా దగ్గరా ఒకే ప్రశ్న వేసుకుందాం: దీనివల్ల నా ఇల్లు మాత్రమే శుభ్రపడుతోందా, లేక నా ఇంటి మురికి ఇంకొకరి చేతికి చేరుతోందా?

ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు. బెంగళూరులో పౌరకార్మికులన్నా, చెన్నైలో తూయ్మై పణియాళర్లన్నా, తెల్లవారుజామున చీపురు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేవాళ్ళలో ఎంతోమంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. తరాల క్రితం ఈ పని కోసమే తెచ్చుకున్న కుటుంబాలు అవి. కోలార్ బంగారు గనుల్లో అలాంటి తెలుగు కుటుంబంలోనే 1966లో బెజవాడ విల్సన్ గారు పుట్టారు. తండ్రి చేసిన ఆ పనిని దేశంలోనే లేకుండా చేయాలని సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నడిపి, 2016లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు. ఆయన పోరాటం ప్రభుత్వాలతోనూ కోర్టుల్లోనూ జరిగింది. మన వంతు పోరాటం మన వంటింట్లో, మన బాత్‌రూములో మొదలవుతుంది.

మొదట చెత్తబుట్ట సంగతి.

గాజు గ్లాసు పగిలితే ఏం చేస్తాం? చీపురుతో ఊడ్చి, అన్నం మెతుకులతో పాటే కవర్లో వేసి ముడేస్తాం. ఆ ముడి విప్పే చెయ్యి తెగుతుంది. ఇకమీదట పగిలిన గాజును నాలుగు మడతల న్యూస్‌పేపర్లో చుట్టి, పాత అట్టపెట్టెలో పెట్టి, పైన స్కెచ్ పెన్నుతో రాయండి. తెలుగులో రాస్తే మీ వీధిలో చెత్త తీసే ఆయనకు అర్థం కాకపోవచ్చు. కన్నడంలో "గాజు" అనే అంటారు. తమిళంలో "కణ్ణాడి", మరాఠీలో, ఒడియాలో "కాచ". మీరున్న చోటి లిపిలో రాయండి. పిల్లలతో రాయిస్తే ఇంకా మంచిది, రెండు పనులూ అవుతాయి.

షేవింగ్ బ్లేళ్ళకు ఒక పాత డబ్బా పెట్టుకుని, మూతకు సన్నని చీలిక చేయండి. నిండాక టేపు వేసి పారేయండి. ఇంట్లో షుగరుకు ఇన్సులిన్ వేసుకునే పెద్దవాళ్ళుంటే, సూదులను మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి, మామూలు చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వండి. శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు కాగితంలో చుట్టి, పైన ఎర్ర గుర్తు పెట్టి వేరుగా ఇవ్వండి. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త వేరు చేయాల్సింది ఇంటివాళ్ళేనని 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నియమాలు స్పష్టంగా చెప్పాయి. వేరుచేయడం మనకు రెండు నిమిషాల పని. మనం చేయకపోతే ఎండలో, కంపులో ఇంకొకరు గంటలకొద్దీ చేయాలి.

రెండోది వంటింటి సింకు.

సింకు అడ్డుపడేది ఎక్కువగా నూనె వల్ల. వేపుడు మూకుడును సింకులో వంచేస్తే, నూనె పైపులో చల్లబడి గోడలకు అంటుకుంటుంది. మెతుకులు, టీ పొడి దాని మీద పేరుకుంటాయి. అందుకే గిన్నెలో జిడ్డును ముందు పాత కాగితంతో తుడిచేసి, తర్వాత కడగండి. సింకు రంధ్రం మీద చిన్న స్టీలు జాలీ పెట్టండి. వారానికొకసారి చాకలి సోడా రెండు చెంచాలు వేసి వేడి నీళ్ళు పోయండి. మరిగే నీళ్ళు వద్దు, ప్లాస్టిక్ పైపు అతుకులు వదులవుతాయి.

వంట సోడా, వెనిగర్ కలిపి పోయమని ఫోన్లో వీడియోలు వస్తుంటాయి. బుసబుసా పొంగుతుంది కాబట్టి పనిచేస్తుందనిపిస్తుంది. నిజానికి క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళే. దానికంటే యాభై, వంద రూపాయల రబ్బరు పంపు మేలు. అదీ పనిచేయకపోతే సింకు కింద సీసాలా వేలాడే బాటిల్ ట్రాప్ ఉంటుంది చూడండి. కింద బకెట్టు పెట్టి, చేత్తో తిప్పితే ఊడివస్తుంది. కడిగి మళ్ళీ బిగించండి. తమ్ముళ్ళూ, ఇది మీ పని. బైకు కార్బొరేటర్ విప్పగలిగినవాళ్ళకు ఇది ఒక లెక్క కాదు.

మూడోది బాత్‌రూము. ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి.

టాయిలెట్ కడిగే యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎప్పుడూ కలపకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ఒకటి వాడిన చోట బాగా నీళ్ళు పోసి కడిగేదాకా రెండోది వాడకూడదు. తలుపు, కిటికీ తెరిచి ఉంచాలి. యాసిడ్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టకండి, పిల్లలు తాగేస్తారు. అదీగాక, మాటిమాటికీ యాసిడ్ పోస్తే టైల్స్ మధ్య సందుల్లోని సిమెంటు తినేస్తుంది. తర్వాత నీళ్ళు అక్కడినుంచే దిగి, కింది గోడ చెమ్మగిల్లుతుంది. మామూలు రోజుల్లో సబ్బు పొడి, బ్రష్షు, నీళ్ళు చాలు.

మీ ఇంట్లో పనిచేసే అక్క బాత్‌రూము కూడా కడుగుతుంటే, ఆమెకు గ్లవ్స్, పొడవు పిడి ఉన్న బ్రష్షు ఇచ్చారా? ఏ సీసా దేనితో కలపకూడదో చెప్పారా? అది మీరు చూపే దయ అనుకోవద్దు, ఇంటివాళ్ళుగా మీ బాధ్యత. ఇంకో మాట. యేసు ప్రభువు నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగిన సంగతి మనం మర్చిపోం, ప్రతి ఏటా ధ్యానిస్తాం. మరి మన ఇంట్లో టాయిలెట్ కడిగేది ఎవరు? అమ్మ, అక్క, లేదా జీతానికి వచ్చే ఆమె. మగపిల్లల వంతు ఎప్పుడు? ఇంట్లో ఎందరుంటే అందరి పేర్లతో వారానికొక పట్టీ రాసి, తలుపు వెనక అంటించండి. నాన్న పేరు కూడా ఉండాలి.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, సెప్టిక్ ట్యాంకు.

గృహప్రవేశ ప్రార్థనకు పిలిచినప్పుడు ఇంటివాళ్ళు నన్ను ఇల్లంతా తిప్పి చూపిస్తారు. మాడ్యులర్ కిచెన్ చూపిస్తారు, ఫాల్స్ సీలింగ్ చూపిస్తారు. నేను మాత్రం "సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడ?" అని అడుగుతాను. చాలామందికి తెలియదు. కొందరు నవ్వి, "దాని మీద టైల్స్ వేసేశాం పాస్టరుగారూ, కనబడితే బాగుండదని" అంటారు. ఇదే నేను చెప్పదలుచుకున్నది. ఆ మూత మీద టైల్స్ వేసినరోజే, భవిష్యత్తులో ఒక మనిషిని ఆ గుంతలోకి దించడానికి మనం దారి వేసినట్టు.

ట్యాంకు ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే జాగ్రత్త అదే వస్తుంది. బరువైన మలం అడుగుకు చేరుతుంది. జిడ్డు, తేలికైనవి పైన తెట్టులా తేలుతాయి. మధ్యనున్న నీళ్ళు బయట ఇంకుడు గుంతలోకి పోతాయి. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు అడుగున ఉన్నదాన్ని కొంత కరిగిస్తాయి, అంతా కరిగించలేవు. అందుకే రెండు మూడేళ్ళకొకసారి మిషనుతో తోడించాలి. పొంగేదాకా ఆగితే అడుగున గట్టిపడిపోతుంది. మిషను పైపుకు అది రాదు. అప్పుడు "తక్కువలో చేసేస్తాం" అంటూ తాడు, బకెట్టు పట్టుకుని ఎవరో వస్తారు.

లోపల ఏముంటుంది? మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి, ప్రాణవాయువు ఉండదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి, వాసనే తెలియదు. "ఇప్పుడు కంపు లేదు, దిగొచ్చు" అనుకుని దిగినవాడు క్షణాల్లో పడిపోతాడు. అతణ్ణి కాపాడాలని దిగిన రెండోవాడూ పడిపోతాడు. అన్నదమ్ములు, తండ్రీకొడుకులు ఒకే గుంతలో పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. అగ్గిపుల్ల గీసి లోపల గాలి ఉందో లేదో చూద్దామనుకోవడం ఇంకా ప్రమాదం, మీథేన్ అంటుకుంటుంది.

కాబట్టి ఈ పనులు చేయండి. మూతను నేల మట్టంలో, తెరవగలిగేలా, ట్యాంకరు పైపు అందేలా ఉంచండి. దాని మీద మెట్లు, గది కట్టకండి. పిల్లలు తొక్కినా విరగనంత గట్టి మూత వేయండి. గాలి గొట్టాన్ని ఇంటికంటే ఎత్తుగా పెట్టి, పైన దోమల జాలీ కట్టండి. ప్యాడ్లు, డైపర్లు, వెట్ వైప్స్, గుడ్డపీలికలు, వెంట్రుకలు టాయిలెట్లో వేయకండి. పైపు అడ్డుపడేదీ, మనిషిని పిలవాల్సి వచ్చేదీ చాలావరకు వీటివల్లే. ట్యాంకు చివరిసారి తోడించిన తేదీ కరెంటు మీటరు పక్కన పెయింటుతో రాసిపెట్టండి. నెలకు వంద రూపాయలు విడిగా వేస్తే మూడేళ్ళకు 3,600 అవుతుంది. మీ ఊళ్ళో ట్యాంకరు ఖర్చు ఎంతయినా, ఒక్కసారిగా భారం అనిపించదు. ట్యాంకరు వచ్చినప్పుడు "ఇది తీసుకెళ్ళి ఎక్కడ పోస్తారు?" అని అడగండి. బెంగళూరు పక్కన దేవనహళ్ళిలో 2015 నుంచే దీన్ని శుద్ధిచేసే కేంద్రం ఉంది. చెరువులో, కాలవలో పోయకూడదు.

పల్లెల్లో రెండు గుంతల మరుగుదొడ్డి ఉన్నవాళ్ళకు ఒక మాట. రెండు గుంతలకూ ఒకేసారి దారి తెరవకండి. ఒకటి నిండాక దాన్ని మూసి, రెండోది వాడండి. మొదటిదాన్ని కనీసం ఏడాదికి పైగా కదపకుండా వదిలేస్తే లోపలిది ఎండి, వాసన లేని ఎరువు అవుతుంది. రెండూ కలిపి వాడితే రెండూ పచ్చిగానే నిండుతాయి. అప్పుడు ఎవరో ఒకరు చేతులతో ఎత్తాల్సిందే.

చట్టం సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని మురుగు కాలువలోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ దించడం నేరం. అది మున్సిపాలిటీకే కాదు, ఇంటి యజమానికీ వర్తిస్తుంది. మొదటిసారికే రెండేళ్ళ వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. "అతనే ఒప్పుకుని దిగాడు" అనే మాట చెల్లదు. మురుగులో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చిలో చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. డబ్బు పెరిగింది, మంచిదే. కానీ ఆ డబ్బు ఏ తండ్రినీ ఇంటికి తీసుకురాదు. ట్యాంకు తోడించడానికి మిషను కావాలంటే 14420 నంబరుకు ఫోన్ చేయండి. మీ ఊళ్ళో అది పలకకపోతే మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి అడగండి, రాతపూర్వకంగా అడగండి.

"మేం అద్దె ఇంట్లో ఉంటున్నాం, మా చేతిలో ఏముంది?" అని కొందరు అంటారు. ఇంటి ఓనరును అడగడం మీ చేతిలో ఉంది. తాడు, బకెట్టు పట్టుకుని మనిషి వచ్చినప్పుడు "దిగొద్దన్నా, మిషను పిలుద్దాం" అనడం మీ చేతిలో ఉంది. పక్క పోర్షన్లవాళ్ళతో కలిసి ట్యాంకరు ఖర్చు పంచుకోవడం మీ చేతిలో ఉంది.

వచ్చే నెల మళ్ళీ కలిసేలోపు ప్రతి ఒక్కరూ మూడు పనులు చేసుకు రండి. ఇంట్లో బ్లేళ్ళకూ గాజుకూ ఒక డబ్బా పెట్టండి. టాయిలెట్ కడిగే పట్టీలో మగవాళ్ళ పేర్లు రాయండి. మీ సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడుందో, చివరిసారి ఎప్పుడు తోడించారో కనుక్కోండి. మన ఆరాధనా మందిరానికి కూడా ట్యాంకు ఉంది. దాని తేదీ నేను కనుక్కుని గోడ మీద రాయిస్తాను. వచ్చే నెల మీరు నన్ను అడగండి, నేను మిమ్మల్ని అడుగుతాను.