బిడ్డకు కసరత్తు, తల్లికి తోడు
(బేస్తవారిపేట మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాదీ ఈ సభలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి బాకీ ఎంత అని లెక్కలు చెప్పుకుంటాం. మాకిచ్చిన ఈ కాస్త సమయంలో ఏ రిజిస్టరులోనూ ఎక్కని సంగతి ఒకటి చెప్పాలనుకున్నాం. మన ఊళ్లలో మెడ నిలపలేని, కూర్చోలేని, నడవలేని పిల్లలున్నారు. వాళ్ల తల్లులు మన సంఘాల్లోనే ఉన్నారు. వాళ్లు మీటింగుకు తక్కువగా వస్తారు. వచ్చినా సంతకం పెట్టి గబగబా వెళ్లిపోతారు. బిడ్డను ఎంతసేపని పక్కింట్లో వదులుతారు? అందుకని వాళ్ల మాట ఈరోజు మేము చెప్తున్నాం.

మన చిన్నప్పుడు కాళ్లు పనిచేయని పిల్లల్ని చూస్తే పోలియో అనేవాళ్లు. ఊరూరా చుక్కల మందు వేయబట్టి ఆ జబ్బు పోయింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014 మార్చిలో పోలియో లేని దేశమని ప్రకటించారు. ఇప్పుడు పిల్లల్లో మనం ఎక్కువగా చూసేది సెరిబ్రల్ పాల్సీ. ఇది కాళ్ల జబ్బు కాదు. కాళ్లూ చేతులూ బాగానే ఉంటాయి, వాటిని ఆడించే మెదడు భాగానికి దెబ్బ తగిలి ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టినా, బాగా తక్కువ బరువుతో పుట్టినా, పుట్టగానే ఏడవకపోయినా, పసికందుకు పచ్చకామెర్లు ముదిరినా, మెదడు జ్వరం వచ్చినా ఇలా జరగవచ్చు. కొందరికి కారణం తెలియదు కూడా. గ్రహణం నాడు బయటికి రావడం వల్లనో, తల్లి చేసిన పాపం వల్లనో మాత్రం రాదు. ఆ మాట అత్తగారి నోటి నుండి వచ్చినా సరే, మన సంఘం మనిషి పక్కనుంటే అక్కడే ఖండించాలి.

ఇంకో సంగతి. ఈ పిల్లల్లో చాలామందికి మాట సరిగ్గా రాదు గాని మనం మాట్లాడేది అర్థమవుతుంది. బిడ్డ ఎదుటే "ఎందుకు పుట్టాడో" అనే మాటలు అనకండి. వాళ్లు వింటారు.

మెదడుకు తగిలిన దెబ్బ మందుతో మానదు. అది అలాగే ఉంటుంది, పెరగదు. పెరిగేది బిగుతు. ఆడించని కండరం బిగుసుకుపోతుంది, బిగుసుకున్న కాలు వంకర పోతుంది, తర్వాత ఆపరేషన్ దాకా పోతుంది. ఫిజియోథెరపీ చేసేది దీన్ని ఆపడమే. మెదడు లేతగా ఉన్నప్పుడే మొదలుపెడితే, దెబ్బ తగలని భాగాలు కొత్త పని నేర్చుకుంటాయి. అందుకని మొదటి రెండేళ్లు బంగారం లాంటివి. "మా మామ కూడా ఆలస్యంగానే నడిచాడంట" అని ఎదురుచూస్తే ఆ బంగారమే చేజారుతుంది.

గుర్తులు చెప్తాం, మనసులో పెట్టుకోండి. నాలుగో నెల దాటినా మెడ నిలవకపోవడం. గుప్పిట ఎప్పుడూ బిగించే ఉండటం. తొమ్మిది నెలలకు కూడా ఆనుకోకుండా కూర్చోలేకపోవడం. ఏడాది నిండకముందే ఒక చెయ్యే వాడుతూ రెండో చెయ్యి ముడుచుకుని ఉండటం. ఎత్తుకుంటే కాళ్లు కత్తెర లాగా అడ్డం పడటం. ఒళ్లు కర్రలా బిగుసుకోవడం, లేదా గుడ్డపేలికలా వేలాడటం. ఏడాదిన్నరకు కూడా నడక రాకపోవడం. వీటిలో ఏది కనిపించినా అంగన్‌వాడీ టీచరుకో, ఆశా కార్యకర్తకో, ఏఎన్‌ఎమ్‌కో అదే వారంలో చెప్పాలి. ఆర్‌బీఎస్‌కే పథకం కింద డాక్టర్ల బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వచ్చి పిల్లల్ని చూడాలని ఉంది. పుట్టినప్పటి నుండి పద్దెనిమిదేళ్ల దాకా అందులో చూస్తారు, పెద్ద పరీక్షలు కావాలంటే జిల్లా కేంద్రానికి రాసిస్తారు. ఆ బృందం వచ్చిన రోజు ఆ తల్లి మిరప కోతలో ఉంటే అవకాశం పోయినట్లే. ముందురోజే ఆమెకు కబురు పెట్టడం మన పని.

బడి వయసు పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. సమగ్ర శిక్ష వాళ్లు నడుపుతారు. అక్కడ ప్రత్యేక టీచర్లుంటారు, నిర్ణయించిన రోజుల్లో ఫిజియోథెరపిస్టు వస్తారు. కదలలేని పిల్లలకు ఇంటికే వచ్చి నేర్పే ఏర్పాటూ ఉంది. ఎముకలకు, కీళ్లకు ఆపరేషన్ కావాలంటే తిరుపతిలో టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఉందని మనలో చాలామందికి తెలుసు.

అయితే ఒక లెక్క చూడండి. ఫిజియో దగ్గర బిడ్డ ఉండేది వారంలో ఒక గంట. మిగిలిన వారమంతా ఉండేది తల్లి దగ్గరే. ఫిజియో చేతులు దారి చూపిస్తాయి, ఆ దారిన రోజూ నడిపించేది అమ్మ చేతులు. అందుకని కేంద్రానికి వెళ్లినప్పుడు బిడ్డను అప్పగించి బయట కూర్చోకూడదు. పక్కనే నిలబడి చూడాలి, వాళ్ల ముందే మనం చేసి చూపించి సరిచేయించుకోవాలి, ఫోనులో వీడియో తీసుకోవాలి.

ఇంట్లో చేసేదానికి వేరే సామాను అక్కరలేదు. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, పాలు తాగిన వెంటనే కాకుండా, దుప్పటి చుట్టి రొమ్ము కింద పెట్టి బోర్లా పడుకోబెట్టి ముందు గిలక్కాయ ఆడిస్తే మెడ ఎత్తడం అలవాటవుతుంది. పక్కన మనిషి ఉండాలి. కాళ్లు కత్తెర పడే బిడ్డను రెండు కాళ్లూ ఎడంగా వచ్చేటట్లు చంకలో ఎత్తుకోవాలి. ఆ ఎత్తుకోవడమే సగం కసరత్తు. కూర్చోలేని బిడ్డను గోడ మూలలో కూర్చోబెడితే రెండు గోడలూ రెండు వైపులా పట్టుకుంటాయి. కాళ్లు చాపే కసరత్తు గోరువెచ్చని నీళ్లు పోసిన తర్వాత చేస్తే తేలిక. నెమ్మదిగా చాపి, ఇరవై ముప్పై లెక్కపెట్టేదాకా అలాగే పట్టుకుని, నెమ్మదిగా వదలాలి. గుంజకూడదు. మన పెద్దవాళ్లు నూనె రాసి కాళ్లు చేతులు విరిచినట్లు లాగుతారే, ఆ లాగుడు ఈ పిల్లలకు పనికిరాదు. బిగుసుకున్న కండరాన్ని గుంజితే ఇంకా బిగుస్తుంది, నొప్పి పుడితే రేపు మన చెయ్యి చూస్తేనే ఏడుస్తారు.

అన్నం పెట్టేటప్పుడు పడుకోబెట్టి పెట్టకూడదు. కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచి, చిన్న ముద్దలు పెట్టాలి. తల వెనక్కి వాల్చి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి జబ్బు చేస్తుంది. కాళ్లకు పట్టీ బూట్లు ఇస్తే, తీసిన తర్వాత చర్మం చూడాలి. ఎర్రబడింది అరగంటకు కూడా తగ్గకపోతే అది సరిపోలేదని అర్థం. బిడ్డ పెరిగితే బూటూ మారాలి. పోయినేటి బూటు ఈ ఏడు బిగుతు అవుతుంది, పండగ బట్టల్లాగే.

నిలబడటానికి పెరట్లో రెండు వెదురు గడలు చాలు. బిడ్డ నడుము ఎత్తులో సమానంగా కట్టి మధ్యలో నడిపించొచ్చు. ఇది మన ఊహ మాత్రమే కాదు. మెక్సికో దేశంలో కొండ పల్లెల్లో పనిచేసిన డేవిడ్ వెర్నర్ అనే ఆయన 1987లో వికలాంగ పిల్లల గురించి పెద్ద పుస్తకం వేశాడు. ఊళ్లో దొరికే కర్ర, గుడ్డ, పాత టైరుతో ఊరివాళ్లే సాధనాలు ఎలా చేసుకోవచ్చో బొమ్మలతో చూపించాడు. అక్కడి పల్లెలూ మనలాంటివే. వాళ్లు చేసుకున్నప్పుడు మన వడ్రంగి చేయలేడా?

ఒక జాగ్రత్త. పక్కింటి బిడ్డకు చెప్పిన కసరత్తు మన బిడ్డకు చేయించకూడదు. మూడు నాలుగేళ్ల మగపిల్లాడు అంతకుముందు నడిచి, ఇప్పుడు తరచుగా పడిపోతూ, లేచేటప్పుడు తొడల మీద చేతులు పెట్టుకుని లేస్తున్నాడంటే అది కండరాల జబ్బు కావచ్చు. అలాంటి పిల్లలకు బలవంతపు కసరత్తు కీడు చేస్తుంది. పుట్టుకతో పాదం లోపలికి తిరిగి ఉంటే దాని వైద్యం వేరు. మొదటి వారాల్లోనే మొదలుపెట్టి, వారం వారం పట్టీ మార్చి, తర్వాత నాలుగేళ్ల దాకా రాత్రిపూట ప్రత్యేక బూట్లు వేయాలి. పాదం చక్కబడింది కదా అని బూట్లు మానేస్తే మళ్లీ తిరుగుతుంది. ఇక మన పడమటి ప్రకాశంలో ఫ్లోరైడ్ నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. ఆ నీళ్లకు ఎముక దెబ్బతిని కాళ్లు వంకర పోతే కసరత్తుతో తిన్నగా కావు. ఆ పిల్లలకు మంచినీళ్లు ముందు, పాలూ రాగులూ ఆకుకూరలూ తర్వాత, డాక్టరు చూపు ఎప్పుడూ. ఏది ఏమిటో తేల్చాల్సింది డాక్టరే.

డబ్బు విషయం. సదరం క్యాంపులో 40 శాతం, ఆపైన రాసిస్తే పిల్లలకు కూడా పింఛను వస్తుంది. 2024 జూలై నుండి అది నెలకు 6,000 రూపాయలు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు కేంద్రం వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చు ఉంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. ఆ పింఛను బిడ్డది. బస్సు చార్జీకి, పాలకు, గుడ్డుకు, బూట్లకు పోవాలి గాని ఇంట్లో ఇంకొకరి అలవాటుకు పోకూడదు. పసరు మందుతో మూడు నెలల్లో పరుగెత్తిస్తామనే వాళ్ల చేతుల్లో పెట్టడానికి అసలు పోకూడదు. అలాంటి దానికి సంఘంలో అప్పు అడిగితే, ముందు డాక్టరుకు చూపించి రమ్మని చెప్పే ధైర్యం మనకు ఉండాలి.

ఇంతవరకూ తల్లి చేయాల్సింది చెప్పాం. ఇప్పుడు అసలు మాట. కూలికి పోయి వచ్చి, పొయ్యి వెలిగించి, ఇంకో ఇద్దరు పిల్లల్ని చూసుకుంటూ రోజుకు మూడుసార్లు ఈ కసరత్తు ఒక్క మనిషి ఎన్నాళ్లు చేయగలదు? మొదటి నెల చేస్తుంది. మూడో నెలకు నడుము పడిపోతుంది. ఆరో నెలకు బిడ్డలో మార్పు కనపడక మనసు పడిపోతుంది. మార్పు వేలెడంత వేలెడంతగా వస్తుంది. రోజూ చూసే కళ్లకు అది కనపడదు. నెలకోసారి చూసే మనకు కనపడుతుంది. "మొన్న తల ఇటు వాలేది, ఇప్పుడు నిలుస్తుంది చూడక్కా" అని మనం అంటే ఆ తల్లికి ఇంకో నెల బలం.

మనకు పంచసూత్రాలు ఉన్నాయి. వాటిని పెంచి దశసూత్రాలు చేసినప్పుడు ఆరోగ్యం, చదువు, హక్కులు కూడా చేర్చారు. ఆ మాటల్ని ఈ పిల్లల దగ్గర నిజం చేద్దామని మా సంఘం సభ ముందు ఈ ప్రతిపాదనలు పెడుతోంది.

ఒకటి, ప్రతి గ్రామ సంఘం తన ఊళ్లోని ఇలాంటి పిల్లల పేర్లు ఒక పుస్తకంలో రాసుకోవాలి. సదరం ఉందా, పింఛను వస్తుందా, కసరత్తు జరుగుతుందా అని నెలనెలా మీటింగులో అడగాలి.

రెండు, ఆ తల్లి ఉన్న సంఘంలో మిగిలినవాళ్లు వంతులు వేసుకోవాలి. వారానికి ఒకరు ఒక గంట ఆ ఇంటికి పోవాలి. కసరత్తులో చెయ్యి వేసినా సరే, ఆమె కాసేపు నడుము వాల్చేటట్లు బిడ్డను ఆడించినా సరే.

మూడు, కేంద్రానికి వెళ్లే రోజు ఆమె కూలి పోతుంది. బస్సు చార్జీ గ్రామ సంఘం నిధి నుండి ఇద్దాం, తోడుగా ఒక మనిషిని పంపుదాం. ఎదిగిన బిడ్డను ఒక్కతే ఎత్తుకుని బస్సెక్కడం ఎంత కష్టమో ఎక్కినవాళ్లకే తెలుసు.

నాలుగు, కోతల కాలంలో వలస పోయే కుటుంబాల్లో బిడ్డ అవ్వ దగ్గర ఉండిపోతుంది. ఆ నెలల్లో బిగుసుకున్న కాలు మళ్లీ చాపాలంటే ఏడాది పడుతుంది. వలసకు ముందే ఆ అవ్వకు కసరత్తు నేర్పించాలి, వీఓఏ మధ్య మధ్య పోయి చూడాలి.

ఈ పిల్లలందరూ నడుస్తారని మేము చెప్పడం లేదు. కొందరు నడుస్తారు, కొందరు కర్ర పట్టుకుని నడుస్తారు, కొందరు కుర్చీలోనే ఉంటారు. ఆ కుర్చీలో తిన్నగా కూర్చుని, తన చేత్తో తను ముద్ద తిని, బడికి పోయి, ఎదుటి మనిషి ముఖం చూసి నవ్వగలిగితే అదీ గెలుపే. పదిమంది కలిసి పొదుపు చేస్తే బ్యాంకు మన మాట విన్నది. పదిమంది కలిసి ఒక బిడ్డను పట్టుకుంటే ఆ బిడ్డ తల్లి కూడా తల ఎత్తుకుంటుంది.

ఈ ప్రతిపాదనలను ఈరోజే తీర్మానాల పుస్తకంలో రాయించాలని అధ్యక్షురాలిని కోరుతున్నాం.