లెక్కల్లో తప్పిన పిల్ల

పొదుపు లెక్కలు ముందు పేజీల్లో ఉన్నాయి. మేము ఇంకో లెక్క చెబుతాం.

2022 జూన్‌లో పదో తరగతి పాసైనవాళ్లు రాష్ట్రంలో 67.26 శాతం. 2019లో 94.88. మధ్యలో రెండేళ్లు కరోనాతో పరీక్షలే లేవు. ఈ పిల్లలు ఎనిమిది పరీక్ష రాయకుండానే తొమ్మిదికొచ్చారు. 2020 నవంబరులో బడి తెరిచారు, డిసెంబరులో ఏలూరులో జనం మూర్ఛలొచ్చి పడిపోయారు. పిల్లలకు ఆ భయమూ తోడైంది.

కొల్లేరు లంకలో మా సభ్యురాలి ఇంట్లో ఒక్కటే ఫోను. పొద్దున్నే తండ్రితో చేపల చెరువు గట్టుకి పోయేది. రాత్రి వాట్సాప్‌లో ఫొటోలు చూసి రాసుకోవడమే కూతురి చదువు. లెక్కల్లో తప్పింది. అన్నం సరిగా తినదు, ఎవరైనా వస్తే వెనక గదిలోకి పోతుంది. ఇంట్లో సంబంధాలు చూడ్డం మొదలెట్టారు.

ఆ వారం మీటింగులో మేము వాయిదా కట్టించుకుని, సంతకం పెట్టించుకుని వచ్చేశాం. పిల్ల సంగతి అడగలేదు. అడిగితే తల్లి బాధపడుతుందనుకున్నాం. నిజం చెప్పాలంటే, ఏం మాట్లాడాలో మాకే తెలీదు.

తర్వాతి వారం తల్లే ఏడ్చింది. నలుగురం వెళ్లాం. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన అక్క తన కొడుకూ తప్పాడని చెప్పింది. అప్పుడు ఆ పిల్ల, “నేనొక్కదాన్నే అనుకున్నా” అంది. తండ్రితో మాట్లాడటానికి ఇంకో రెండుసార్లు తిరిగాం. జులైలో సప్లిమెంటరీ రాసింది, పాసైంది. సంబంధం మాట ఆగింది.

ఇప్పుడు వాయిదా పుస్తకం తెరవకముందే పిల్లలెలా ఉన్నారని అడుగుతున్నాం. పుస్తకం అట్ట మీద టెలిమానస్ నంబరు 14416 రాసిపెట్టాం. అది ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఫోను చెయ్యడానికి ఇంకా సిగ్గుపడుతున్నారు. అందుకే మొదటిసారి పక్కన కూర్చుని మేమే కలిపిస్తున్నాం.